లాగౌట్ కాని పెద్దరికం

పోయిన వారం కొట్టు ఎక్కడ కట్టేశామో ఒకసారి చూసుకుని, తర్వాత తలుపులు తీద్దాం.

కర్టెన్ల బట్ట, సోఫాల బట్ట టోకున అమ్మే కుటుంబం అది. కింద కొట్టు, వెనక ఆఫీసు గది, మేడ మీద కాపురం. బట్ట మీద పడే బొమ్మలన్నీ గీసేది రంగులక్క. అసలు పేరు జీతం ఇచ్చేటప్పుడు తప్ప ఎవరికీ గుర్తు రాదు. ఆమె గీసిన బొమ్మ ఇంకా బట్ట మీదకి ఎక్కకముందే వీధి చివర మూల షోరూం అద్దాల్లో వేలాడుతోంది. ఒకసారి అయితే కాకతాళీయం అనుకోవచ్చు. వరసగా జరిగితే లోపలినుంచి కారుతోందనే అర్థం.

ఆఫీసు చూసుకునే కోడలు అప్పుడే నియమాలు రాసింది. పని మాటలు ఆఫీసు చాట్‌లోనే. వీడియో కాల్‌కి ప్రతిసారీ కొత్త కోడు, తను లోపలికి రానిస్తేనే రావడం, తలుపు వేసుకున్న గదిలోంచే మాట్లాడడం. కలర్ ప్రింటరుకి పాస్‌వర్డ్, అది కోడలి దగ్గరే. సోమవారం సోమవారం అందరూ ఫోన్లు తెచ్చి, తమ చాట్ వేరే మిషన్లలో తెరిచి ఉందేమో చూపించాలి. ఒక్కరికే మినహాయింపు. మావగారికి.

ఆ నియమాల వలలో మొదట చిక్కింది రంగులక్క. వీడియో కాల్‌లో ఆమె వెనక ఎవరో కదిలారు. తన ఆడపడుచు టీ పెట్టి వెళ్ళిందని ఆమె చెప్పింది. మావగారు వినిపించుకోలేదు. "తేలేదాకా ఇంటి దగ్గరే ఉండమ్మా" అన్నారు. ఆమె వెళ్తూ వెళ్తూ ఏడవలేదు, అరవలేదు. ఆఫీసు చాట్‌లో ఒకే ఒక్క మాట పెట్టింది: "వచ్చే సీజన్ బొమ్మలు నా దగ్గర ఉన్నాయి. తప్పు నాది అని బాబాయిగారు ఒక్క మాట అంటే, అప్పుడు ఇస్తాను."

మిల్లువాళ్ళు బొమ్మల కోసం రోజూ ఫోన్ చేస్తున్నారు. ఆమె బాబాయిగారు అని పిలిచే మావగారు ఆ మాట అనలేదు. ఆయన అలాంటి మాట అన్నట్టు ఆ ఇంట్లో ఎవరికీ జ్ఞాపకం లేదు.

ఇక నిన్న సాయంత్రం కోడలు మూల షోరూం ముందునుంచి నడిచి వస్తూ ఆగిపోయిందని చెప్పుకున్నాం కదా. అద్దంలో కొత్త కర్టెన్ ఉంది. తీగా, తీగకి ఆకులూ. ఆకు కొస గుండ్రంగా ఉంది.

ఆ గుండ్రం దగ్గరే ఆగింది ఆమె.

రంగులక్క గీసినప్పుడు ఆ ఆకు కొస సూదిలా ఉండేది. ఆమెని ఇంటికి పంపేశాక మావగారు బొమ్మ చూసి, "ఈ కొస గుచ్చుకునేట్టుంది, గుండ్రం చెయ్యండి" అని చాట్‌లో రాశారు. అందరికీ కాదు, విడిగా కోడలికీ, కొడుక్కీ మాత్రమే. ఆ మార్పు ఇంకా సొంత మిషను మీదకే ఎక్కలేదు. మూల షోరూం మీదకి ఎక్కేసింది.

తెల్లారి లేచిన దగ్గర్నుంచీ కోడలు మనసులో కూడికలూ తీసివేతలూ చేసుకుంటూనే ఉంది. రంగులక్కకి ఆ గుండ్రం సంగతి తెలిసే దారి లేదు. కాబట్టి రంగులక్క కాదు. ఆ మాట తెలిసినవాళ్ళు ముగ్గురు. తన ఫోను తను చూసుకుంది, వేరే చోట ఎక్కడా తెరిచి లేదు. మిల్లు ఊళ్ళో ఉన్న భర్తకి వీడియో కాల్ చేసి, ఆయన ఫోను తెర మరో ఫోనులోంచి చూపించమంది. "ఇంటాయన్ని కూడా సోదా చేస్తావా?" అని నవ్వుతూనే చూపించారు ఆయన. అదీ శుభ్రంగానే ఉంది.

తీసెయ్యగా మిగిలింది ఒక్కరు. మిగిలినదాన్ని లెక్క అంటారు, అనుమానం అనరు. కానీ కోడలు మావగారి దగ్గరికి వెళ్ళి నోరు విప్పితే ఆ తేడా ఎవరికి తెలుస్తుంది?

మధ్యాహ్నం భోజనాల వేళ కొట్టు పల్చబడింది. గుమస్తాలు తిండికి వెళ్ళారు. మావగారు తానుల మధ్య తన కుర్చీలో కూర్చుని, ఒక దుకాణదారు తిప్పి పంపిన బట్టని వెలుతురుకి పెట్టి చూస్తున్నారు. అత్తగారు క్యారేజీ గిన్నెలు సర్దుతున్నారు. బట్ట కొలిచే గజంబద్ద పక్కన, బల్ల మీద ఆయన ఫోను బోర్లా పెట్టి ఉంది.

"మావయ్యగారూ, ఒక్కసారి మీ ఫోను ఇస్తారా?"

"నీదేమైందమ్మా? చార్జింగ్ అయిపోయిందా?"

"నాది బాగానే ఉందండీ. మీదే చూడాలి."

ఆయన బట్ట దించలేదు. బట్ట వెనకనుంచే అన్నారు, "సోమవారం కాదుగా ఇవాళ."

"సోమవారం కూడా మీరు చూపించలేదు కదండీ."

"చూపించను. ఈ కొట్టు పెట్టింది నేను. నా కొట్టులో నన్నే గుమ్మం దగ్గర నిలబెట్టి జేబులు తడుముతారా?"

అత్తగారు గిన్నె మీద మూత నొక్కుతూ అన్నారు, "అంత దాచుకునేది ఏముందండీ ఆ ఫోనులో? పొద్దున లేస్తే మోకాళ్ళ నొప్పుల వీడియోలే కదా. ఇచ్చెయ్యండి, పిల్లకి కూడా ఒకటి రెండు పనికొస్తాయి."

"నువ్వు ఊరుకో."

"నేను ఊరుకునే ఉన్నాను. చెయ్యే ఆడిస్తున్నాను."

కోడలికి నవ్వు వచ్చింది, ఆపుకుంది. నవ్వితే బేరం తేలికైపోతుంది. కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది. నిలబడి అడిగితే దబాయించినట్టుంటుంది, కూర్చుని అడిగితే మాట్లాడినట్టుంటుంది. ఇది ఆమెకి కొనుగోలుదారులు నేర్పిన పాఠం.

"నిన్న మూల షోరూంలో మన తీగ చూశానండీ. ఆకు కొస గుండ్రంగా ఉంది."

బట్ట నెమ్మదిగా దిగింది. దాని వెనకనుంచి ఆయన మొహం బయటపడింది. కళ్ళజోడు నుదుటి మీదకి తోసి ఉంది.

"గుండ్రంగానా?"

"మీరు చెప్పినట్టే."

కోడలు పొద్దున్నుంచీ వేసిన లెక్కనంతా ఆయన ఒక్క గుక్కలో వేసేశారని ఆమెకి తెలుస్తూనే ఉంది. పెద్ద వ్యాపారి మరి. ఆ లెక్క చివర ఎవరు మిగిలారో ఆయనకీ కనపడింది.

"అంటే నేనే అమ్ముకున్నానంటావా నా బొమ్మలు?"

"అమ్మితే మీరే కదండీ నష్టపోయేది. అలా ఎందుకంటాను? మీ తలుపు ఏదో తెరిచి ఉందంటున్నాను. ఎక్కడ తెరిచి ఉందో చూద్దామంటున్నాను. అంతే."

"నా ఫోను నా జేబులోంచి కదలదు."

"అలాంటప్పుడు చూస్తే భయమేముందండీ?"

ఆయన భార్య వైపు చూశారు. ఆవిడ సాయం చెయ్యలేదు. గిన్నెలు సర్దడం పూర్తయినా మళ్ళీ మొదటినుంచి సర్దుతున్నారు. చివరికి ఆయన ఫోను తిరగేసి, వేలితో గీత గీసి, బల్ల మీద కోడలి వైపు జరిపారు. చేతికి ఇవ్వలేదు. జరిపారు. ఇచ్చినట్టూ ఉండాలి, ఇవ్వనట్టూ ఉండాలి.

కోడలు ఆఫీసు చాట్ తెరిచి, మూల ఉన్న చుక్కలు నొక్కి, లింక్డ్ డివైజెస్ అన్నచోటికి వెళ్ళింది. ఆ పేజీలో ఏమీ ఉండకూడదు. రెండు కంప్యూటర్లు ఉన్నాయి.

"మావయ్యగారూ, మీ చాట్ ఇంకో రెండు కంప్యూటర్లలో తెరిచి ఉందండీ."

"కంప్యూటరా? నేను కంప్యూటరు ముట్టుకుని ఎరగను."

"ఎవరికైనా ఫోను ఇచ్చారా? ఎవరైనా తెర మీద నల్ల చుక్కల గడికి ఎదురుగా మీ ఫోను పెట్టించారా?"

"లేదు" అన్నారాయన. ఆ 'లేదు' మొదట్లో గట్టిగానే ఉంది. చివరికి వచ్చేసరికి మెత్తబడింది. "అది... జిరాక్స్ షాపులో కదా."

"ఏ జిరాక్స్ షాపు?"

"ఎదురుగా. రోడ్డు దాటితే."

"మీకు అక్కడేం పనండీ?"

తిప్పి పంపిన బట్టని మడత పెట్టారు, మడత నచ్చక విప్పారు, మళ్ళీ పెట్టారు. తర్వాత ఒక్కో ముక్కే బయటికి వచ్చింది.

తెర మీద బొమ్మ ఆయనకి బట్టలా కనపడదు. అద్దం మీద బొమ్మలా కనపడుతుంది. కాగితం మీద అచ్చు తీసి, ఈ బల్ల మీద పరిచి, నాలుగు అడుగులు వెనక్కి వెళ్ళి చూస్తేనే ఆయనకి అది కర్టెన్ అవుతుందా కాదా తెలుస్తుంది. జీవితమంతా అలాగే కొన్నారు, అలాగే అమ్మారు. ఆఫీసులో కలర్ ప్రింటరు ఉంది. ఒకరోజు వెళ్ళి మీట నొక్కితే అది పాస్‌వర్డ్ అడిగింది.

"నాకు తెలీదు. గుమస్తాని అడిగితే, చిన్నమ్మగారిని అడగాలండీ అన్నాడు. నా మిషను నన్ను ఎవరు నువ్వు అని అడిగింది. నేను నా కోడలి దగ్గరికి వెళ్ళి, అమ్మా, కాగితం తీసుకోవడానికి నాకు సెలవిప్పిస్తావా అని అడగాలి. అడగలేదు. రోడ్డు దాటాను."

కోడలు ఫోను తెర మీంచి తల ఎత్తింది.

"ఆ షాపామె మంచి మనిషి. కంప్యూటరు తెర చూపించి, తాతగారూ ఫోను ఇక్కడ పెట్టండి అంది. పెట్టాను. గంట కొట్టినట్టు వచ్చేసింది బొమ్మ. మర్నాడు వెళ్తే నేను ఫోను తియ్యబోయాను. అక్కర్లేదండీ, మీది తెరిచే ఉంది అంది. కుర్చీ కూడా వేసింది. సొంత కొట్టులో దొరకని మర్యాద రోడ్డు అవతల దొరికింది నాకు."

"అయ్యో" అన్నారు అత్తగారు. "తెరిచే ఉందంటే సంతోషించారా మీరు?"

"రోజూ వచ్చే ఖాతాదారుకి ఆ మాత్రం మర్యాద చెయ్యరా అనుకున్నాను."

ఇది ఇంకెవరూ చెయ్యలేని తప్పు. తలుపు మూసుకోలేదని ఇంకొకరైతే గాభరా పడతారు. పెద్దాయనకి అది గౌరవంలా కనపడింది. తన కోసం ఎవరో తలుపు తెరిచే ఉంచుతున్నారని పొంగిపోయారు.

కోడలు తన లెక్కలో ఒక అంకెని అటునుంచి ఇటు జరుపుకోవలసి వచ్చింది. ఇంతసేపూ నష్టం మావగారి వైపు రాసుకుంటోంది. కానీ ఆయన్ని రోడ్డు దాటించింది ఎవరు? ప్రింటరుకి పాస్‌వర్డ్ పెట్టిన రోజు అందరికీ నోటీసు అంటించింది, ఆయనకి మాత్రం విడిగా చెప్పలేదు. చెబితే వాదన వస్తుందని. పెద్దవారికి సోమవారం తనిఖీ వద్దని తనే మినహాయించింది. అడిగితే నొచ్చుకుంటారని. కాగితం దగ్గర ఆయన్ని నలుగురితో కలిపింది, ఫోను దగ్గర నలుగురినుంచి విడదీసింది. రెండూ తిరగబడి ఉంటే ఈ పూట ఈ బల్ల దగ్గర ఇలా కూర్చోవలసిన పని ఉండేది కాదు. కట్టుదిట్టం చేశానని మురిసిపోయిన సంచికి కింద తనే చిల్లు పెట్టింది.

"ప్రింటరు సంగతి మీకు ముందే చెప్పాల్సిందండీ. నాదే పొరపాటు" అంది.

ఆయన తల ఊపారు. ఆ మాట అంత సులువుగా ఎలా అనగలిగిందా అన్నట్టు ఆమెని ఒక క్షణం చూశారు కూడా.

"సరే, ఒకటి జిరాక్స్ షాపుది. మరి రెండోది?"

"రెండూ అదే. మధ్యలో ఒకసారి మళ్ళీ పెట్టమంది ఫోను. మిషను మారింది తాతగారూ అంది."

"పాతది ఏం చేశారట?"

"అది నేనెందుకు అడుగుతానమ్మా? వాళ్ళ మిషను వాళ్ళిష్టం."

కోడలు తెర వైపు చూసింది. కొత్త కంప్యూటరు కింద 'నిన్న' అని ఉంది. పాతదాని కింద 'ఇప్పుడు వాడుకలో ఉంది' అని ఉంది. వాళ్ళు ముగ్గురూ ఇక్కడ కూర్చుని మాట్లాడుకుంటున్న ఈ వేళలోనే ఎవరో, ఎక్కడో, మావగారి చాట్ ముందేసుకుని కూర్చున్నారు.

ఆమె వేలు లాగౌట్ మీదకి వెళ్ళింది.

"ఆగు" అన్నారు మావగారు.

"ఆగకూడదండీ. నేను రాసిన మొదటి నియమమే అది. తెలిసిన మరుక్షణం తెంపెయ్యాలి."

"తెంపేస్తే ఏమవుతుంది? వాడికి తెలుస్తుంది, మనకి తెలిసిందని. మిషను మూసేసి చేతులు దులుపుకుంటాడు. పోయిన బొమ్మలు పోయినట్టే, దొంగ మాత్రం దొరకడు. ఇంతకాలం నష్టపోయాం కదా, ఆ నష్టానికి బదులు ఒక పేరైనా రావద్దా? రంగులమ్మాయి ఊరికే ఇంట్లో కూర్చుంది. ఆ అమ్మాయిని పిలవాలంటే నా చేతిలో ఒక పేరుండాలి. పేరు పట్టుకుని వెళ్తే, ఇదిగో అసలు దొంగ అని చెప్పి పిలవచ్చు."

"పేరు లేకపోయినా పిలవచ్చు కదండీ" అన్నారు అత్తగారు. "ఆ పిల్ల అడిగింది దొంగని కాదు. ఒక మాట."

"నీకు తెలీదు."

"నాకు తెలీదులెండి. ఆ మాట మీ నోటినుంచి ఎలా ఉంటుందో నేనూ ఎప్పుడూ వినలేదు."

కోడలు ఆలోచించింది. నియమం రాసినప్పుడు తను ఆఫీసు మనిషి. ఇప్పుడు ఈ బల్ల దగ్గర వ్యాపారి. మావగారు చెప్పిన దాంట్లో బేరం ఉంది. రోడ్డు దాటి అడిగి రావడానికి ఎంతసేపు? పాత మిషను ఎక్కడికి పోయిందో తెలిస్తే దొంగ ఇల్లు తెలిసినట్టే. అంతదాకా తలుపు ఓరగా ఉంచితే కొత్తగా పోయేదేముంది, బొమ్మలు ఎలాగూ రంగులక్క దగ్గరే ఉన్నాయి కదా.

ఆమె లెక్క తప్పింది అక్కడే. కానీ ఆ సంగతి ఆమెకి రోడ్డు దాటి వచ్చాక గానీ తెలియలేదు.

"వెళ్ళి వస్తాను. ఫోను ఎవరూ ముట్టుకోకండి" అని లేచింది.

జిరాక్స్ షాపు ఇరుకు. గోడలనిండా పాస్‌పోర్టు ఫోటోల నమూనాలు, కింద కాగితం కట్టలు, వేడెక్కిన సిరా వాసన. షాపామె ఎవరిదో అద్దె ఒప్పందం స్టేపుల్ చేస్తోంది. కోడల్ని చూడగానే గుర్తుపట్టింది.

"తాతగారి కోడలు గారు కదూ? రండి రండి. ఆయన ఇవాళ రాలేదే? బొమ్మలు ఏమైనా ఉన్నాయా, తీసెయ్యనా? ఆయనది తెరిచే ఉంది."

అంటూ మౌసు కదిపింది. తెర మీద వరసగా కిటికీలు. ఒకదాంట్లో మావగారి చాట్. పక్క దాంట్లో ఎవరో స్కూలు మాస్టారిది. ఆ పక్కన ఇంకెవరిదో పెళ్ళి సంబంధం వివరాలు. సగం వీధి ఆ తెర మీద తలుపులు తీసుకుని కూర్చుంది. ఆమె మొహంలో దాపరికం ఏమీ లేదు. అందరికీ పని తేలిక చేస్తున్నానన్న తృప్తే ఉంది.

"మీ పాత కంప్యూటరు ఉండేదట కదండీ?"

"అయ్యో, అదా? నత్తలా నడిచేది. మా ఆయన ఎవరికో ఇచ్చేశాడు."

"ఎవరికి?"

"నాకు చెప్పడండీ అవన్నీ. ఎవరో వచ్చి, చెడిపోయినా పర్లేదు, అదే కావాలి అన్నారట. పాడైన మిషను కోసం అంత ముచ్చటపడేవాళ్ళుంటారా అని మేమే నవ్వుకున్నాం."

"అందులో ఉన్నవన్నీ తీసేసి ఇచ్చారా?"

ఆమెకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. "ఏం తియ్యాలి? ఉన్నది ఉన్నట్టే ఇచ్చాం. వైర్లతో సహా. ఏమన్నా అయిందా అండీ?"

"మీ ఆయన ఎప్పుడొస్తారు?"

"కాగితం లోడు కోసం వెళ్ళాడు. వస్తాడు. ఫోన్ చెయ్యమంటారా?"

"చెయ్యండి. ఎవరికిచ్చారో కనుక్కోండి. నేను ఎదురుగానే ఉంటాను" అంది కోడలు. ఆగి, మావగారి చాట్ ఉన్న కిటికీ చూపించి, "అది మాత్రం మూసెయ్యండి. మిగతావీ మూసెయ్యండి, మీ మంచికే చెబుతున్నాను" అంది.

రోడ్డు దాటుతుంటే కాళ్ళలో తొందర వచ్చింది. చెడిపోయినా పర్లేదు, అదే కావాలి. మిషను కావలసినవాడు ఆ మాట అనడు. అందులో ఏముందో తెలిసినవాడు అంటాడు. వాడు ఈ వీధిలో తిరిగేవాడే, ఆ షాపులో నిలబడి మావగారి భుజం మీంచి తెర చూసినవాడే అయి ఉండాలి.

కొట్టులోకి అడుగు పెట్టేసరికి అత్తగారు చీర చెంగుతో కళ్ళు ఒత్తుకుంటున్నారు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"రామ్మా, రా. మీ మావగారు ఎంత పని చేశారో చూడు. నా ముందు ఒప్పుకోవడానికి సిగ్గేసి, నేను గిన్నెలు కడగడానికి వెనక్కి వెళ్ళగానే రాసేశారు. నేను ముట్టుకోలేదులే, వెలిగితే చూశాను."

బల్ల మీద ఫోను తెర వెలుగుతోంది. రంగులక్కకి మావగారి పేరుతో వెళ్ళిన మెసేజ్ అది.

"అమ్మాయ్, తప్పు నాది. నీ మీద అనుమానపడి ఉండాల్సింది కాదు. మనసులో పెట్టుకోకు. రేపటినుంచి కొట్టుకి వచ్చెయ్. మిల్లువాళ్ళు తొందరపెడుతున్నారు. వచ్చే సీజన్ బొమ్మలన్నీ ఇప్పుడే ఈ కింద మెయిలుకి పంపు. ఆఫీసు ఫోల్డరులో పెట్టకు, మన కోడలు మళ్ళీ ఏదో ఒక నియమం చెబుతుంది."

కింద ఒక మెయిలు అడ్రసు. కోడలు ఎప్పుడూ చూడనిది.

మావగారు కొట్టు లోపలి గదిలోంచి బట్ట తాను ఒకటి భుజాన వేసుకుని వచ్చారు. "ఏమైంది? ఏడుస్తావేం?" అన్నారు భార్యతో.

"ఏడవనా మరి? ఇన్నేళ్ళకి ఆ మాట అన్నారు కదా."

"ఏ మాట?"

కోడలు ఫోను ఎత్తి ఆయన కళ్ళ ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు నుదుటి మీంచి దించుకుని చదివారు. ఒకసారి చదివి, మళ్ళీ చదివారు. తాను భుజం మీంచి జారి బల్ల మీద పడింది.

"ఇది నేను రాయలేదు."

అత్తగారి చెంగు అలాగే గాలిలో ఆగిపోయింది. ఆవిడ మెల్లగా అన్నారు, "అమ్మాయ్ అనడం, తొందరపెట్టడం, కోడల్ని దెప్పడం, అన్నీ అచ్చం మీరే. తప్పు నాది అన్నప్పుడే నాకు అనుమానం రావాల్సింది."

ఎవరూ నవ్వలేదు. కోడలు లాగౌట్ నొక్కింది. పాత మిషను పేరు తెర మీంచి మాయమైంది. తలుపు మూసుకుంది. కానీ వాడు ఎత్తుకెళ్ళాల్సింది ఈ తలుపులోంచి వెళ్ళడం లేదు, ఆ మెయిలుకి వెళ్తోంది. ఇన్నాళ్ళూ దొంగ చదివాడంతే. రంగులక్క ఏ మాట కోసం ఎదురుచూస్తోందో కూడా ఈ చాట్‌లోనే చదువుకున్నాడు. కావలసిన సరుకు ఏదో, దాని ధర ఏదో, ఆమే రాసిపెట్టింది. మావగారు చెల్లించనన్నది వాడు ఆయన పేరు మీదే చెల్లించాడు.

తెర మీద రంగులక్క జవాబు వచ్చి పడింది. "పంపుతున్నాను బాబాయిగారూ."

కోడలు అక్కడే వాయిస్ కాల్ నొక్కింది. స్పీకరు పెట్టి ఫోను మావగారి చేతికి ఇచ్చింది. ఈసారి జరపలేదు, చేతిలో పెట్టింది.

"నేనేం చెప్పను?" అన్నారాయన. ఆయన అంత చిన్న గొంతుతో మాట్లాడగలరని కోడలికి తెలీదు.

"ఆపమని చెప్పండి."

అవతల ఎత్తారు. వెనక ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు, మధ్యలో రంగులక్క గొంతు. ఏడుపు ఆపుకున్నాక వచ్చే గొంతు.

"బాబాయిగారూ! మీరు ఫోన్ కూడా చేస్తారనుకోలేదు. ఆ మాట మా ఆడపడుచుకి కూడా చూపించానండీ. తనవల్లే నా ఉద్యోగం పోయిందని ఇన్నాళ్ళూ కుమిలిపోయింది. సగం బొమ్మలు వెళ్ళిపోయాయి, మిగతావి వెళ్తున్నాయి. అసలైనవన్నీ చివర్లో ఉన్నాయి."

"అమ్మాయ్, ఆపు. పంపకు."

"ఎందుకండీ?"

ఆయన కోడలి వైపు చూశారు. భార్య వైపు చూశారు. ఆపమనడం తేలిక. ఎందుకో చెప్పాలంటే ఆ పిల్ల చేతిలో పడ్డ ఒక్కగానొక్క మంచి మాటని వెనక్కి లాక్కోవాలి. అబద్ధం చెప్పి ఆపే దారి ఆయనకి తట్టకపోలేదు. మిల్లు పాడైందనో, అడ్రసు తప్పనో అంటే చాలు. ఆ మాట ఆయన ఖాతాలోనే జమై ఉండిపోతుంది, ఎవడు కట్టాడో ఎవరికీ తెలియదు. ఏ దారిన వెళ్తారా అని కోడలు చూసింది.

"ఆ మెసేజ్ రాసింది నేను కాదమ్మా. నా పేరుతో ఇంకొకడు రాశాడు. మన బొమ్మలు దొంగిలించేవాడు వాడే. నువ్వు కాదు."

అవతల గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"రాసింది వాడే," అన్నారాయన, ఫోను నోటికి దగ్గరగా పట్టుకుని, "కానీ అది నేను రాయాల్సింది. తప్పు... నాదే."

అత్తగారు కుర్చీలో కూర్చుండిపోయారు. కోడలు కళ్ళు తిప్పుకుంది. రంగులక్క మళ్ళీ మాట్లాడినప్పుడు ఆ గొంతులో తడి లేదు. కోడలు రాసిన నియమాలన్నీ కంఠతా పట్టిన మనిషి గొంతు అది.

"ఇందాక తప్పు నాది అన్నాయన మీరు కాదు. ఇప్పుడు తప్పు నాది అంటున్నాయన మీరా? ఆయన పంపమంటాడు, మీరు ఆపమంటారు. గొంతులు చేసేవాళ్ళు కూడా ఉన్నారట కదండీ ఈ రోజుల్లో. నేను ఎవరి మాట నమ్మాలి బాబాయిగారూ?"

"వీడియో పెట్టండి" అంది కోడలు గుసగుసగా.

మావగారు కెమెరా గుర్తు కోసం తెర అంతా వెతికారు, దొరకబుచ్చుకుని నొక్కారు. ఫోను మూలన చిన్న గడిలో ఆయన మొహమే ఆయనకి కనపడింది. ఇంత దగ్గరగా, ఇంత వెలుతురులో, కళ్ళు తడిసి. దాని కింద తిరుగుతున్న చిన్న చక్రం. రంగులక్క అటునుంచి ఇంకా ఒప్పుకోలేదు. బొమ్మలు పంపడం ఆపిందో లేదో కూడా చెప్పలేదు.

గుమ్మంలో అడుగుల చప్పుడైంది. జిరాక్స్ షాపామె ఆయాసపడుతూ వచ్చి నిలబడింది.

"కోడలు గారూ, మా ఆయన చెప్పాడండీ ఆ మిషను ఎవరికిచ్చాడో" అంది, మావగారి వైపు ఒకసారి, కోడలి వైపు ఒకసారి చూసి. "కానీ... ఇక్కడ, అందరి ముందూ చెప్పమంటారా?"